తూటా తూకంలో తేడా ఎందుకు?

వడ్లు అమ్ముకునే రైతుకు తూకం విషయంలో ఒకే సూత్రం తెలుసు. కాంటా తగ్గిందంటే ఎవరో తిన్నట్టే. తాలు పేరుతోనో తేమ పేరుతోనో బస్తాకు ఇంత తరుగు తీస్తున్నారన్న ఫిర్యాదు నల్లగొండ జిల్లా కొనుగోలు కేంద్రాల్లో వానాకాలం పంటకూ, యాసంగి పంటకూ వినిపిస్తూనే ఉంటుంది. అలాంటి అనుభవం ఉన్న మనిషి ఒకే రైఫిల్‌లో పట్టే రెండు కంపెనీల తూటాలను బంగారం దుకాణం కాంటా మీద పెట్టి చూశాడనుకుందాం. ఒకటి 26 గ్రాములు, ఇంకొకటి ఇరవై ఏడున్నర తూగాయి. మొదట కలిగే అనుమానం కూడా తరుగు అనుమానమే: తేలికగా ఉన్నదానిలో మందు తగ్గించారు.

ఆ అనుమానం దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. అంతకంటే విచిత్రం, నిజంగానే మందు కాస్త తక్కువ పడినా ఆ కాంటా దాన్ని పట్టివ్వలేదు. తూటా తయారుచేసే కర్మాగారం ఏ లెక్క కుదరాలని చూస్తుందో తెలిస్తే ఈ రెండూ అర్థమవుతాయి. అది చూసే లెక్కల్లో మొత్తం తూటా బరువు లేదు.

కర్మాగారం చూసేవి మూడు. రైఫిల్ గొట్టం వెనుక తూటా కూర్చునే చాంబర్‌లో ఇరుకు లేకుండా, వదులు కాకుండా పట్టేలా బయటి కొలతలు ఉండాలి. మందు మండినప్పుడు లోపల పుట్టే పీడనం హద్దు దాటకూడదు. తూటా కొసన ఉండే గుండు అనుకున్న వేగంతో బయటపడాలి. తూటాల ప్రమాణాలు నిర్ణయించే సంస్థలు, అంటే అమెరికాలో 1926లో ఏర్పడిన శామీ, ఐరోపాలో 1914 నుంచి ఉన్న సీఐపీ, సైన్యాల కోసం నాటో కూటమి ఖరారు చేసిన పత్రాలు ప్రధానంగా ఈ సంగతులే చెబుతాయి. వేట రైఫిళ్లలో వాడే .308 వించెస్టర్ తూటాకు శామీ పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. దాన్ని దాటకుండా, బయటి కొలత తప్పకుండా ఉన్నంతవరకు ఇత్తడి ఎన్ని గ్రాములు వాడాలి, ఏ రకం మందు ఎంత పోయాలి అన్నది కంపెనీ ఇష్టం. మొత్తం బరువు అనేది ఆ నిర్ణయాలన్నీ అయిపోయాక మిగిలే కూడిక.

దక్షిణ తెలంగాణలో ఈ సంగతి అవసరమయ్యేవాళ్లు తక్కువమందే గాని లేకపోలేదు. నల్లగొండ పక్కన అన్నెపర్తిలోనూ, గద్వాల వైపు కృష్ణ ఒడ్డున బీచుపల్లిలోనూ ప్రత్యేక పోలీసు బెటాలియన్లున్నాయి. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాల వంటి చోట్ల ఎన్‌సీసీలో చేరిన పిల్లలు మొదటిసారి పట్టుకునేది .22 రైఫిల్. పల్లెల్లో లైసెన్సు మీద ఉండేవి ఎక్కువగా పన్నెండు బోరు తుపాకులు. రైఫిల్ ఉంటే అది .315 లేదా .30-06. సైన్యం, పోలీసుల త్రీనాట్‌త్రీ (.303), 7.62 మి.మీ. నాటో వంటి బోర్లు మామూలు పౌరులకు నిషిద్ధం. .315 పుట్టిందే అందుకు. ఆస్ట్రియా సైన్యం 1890 ప్రాంతంలో వాడిన మాన్‌లిహెర్ తూటాను తీసుకుని, సైనిక తూటాలు పట్టని పౌర రైఫిల్‌ను తయారుచేశారు.

తూటాల లోకంలో తూకమంతా గ్రెయిన్లలో నడుస్తుంది. ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌను. ఈ కొలత మనకు కొత్తగా కనిపిస్తుంది గాని, నిజానికి మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చింది. 1833లో బ్రిటిష్ ప్రభుత్వం తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా, అంటే 11.66 గ్రాములుగా ఖరారు చేసింది. ఇప్పుడు బంగారం దుకాణాల్లో తులమంటే పది గ్రాములైపోయింది. పాత తులం లెక్కన చూస్తే, .30-06 తూటాల్లో బాగా చెల్లుబాటయ్యే 180 గ్రెయిన్ల గుండు ఒక్కొక్కటీ అణా పైసలతో సహా ఒక తులం.

ఆ తూటానే ఉదాహరణగా తీసుకుని విడదీసి చూద్దాం. గుండు 180 గ్రెయిన్లు. ఇత్తడి తొడుగు సుమారు 195. మందు యాభై పైచిలుకు. అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే ప్రైమర్ ఐదు. మొత్తం 430 గ్రెయిన్లు దాటుతుంది, అంటే దాదాపు 28 గ్రాములు. ఇందులో ఎవరెంత అన్నది చూస్తే అనుమానం సగం అక్కడే సడలుతుంది. అందరూ అనుమానించే మందు మొత్తం బరువులో ఎనిమిదో వంతు మాత్రమే. ఎవరూ పట్టించుకోని ఇత్తడి తొడుగు దాదాపు సగం. కంపెనీకీ కంపెనీకీ తూకం తేడా వచ్చిందంటే, గుండు బరువు ఒకటే అయినప్పుడు, ఎక్కువ భాగం ఆ తొడుగులోనే ఉంటుంది.

తొడుగు పుట్టేది 70 పాళ్ల రాగి, 30 పాళ్ల జింకు కలిసిన ఇత్తడి రేకు నుంచి. రేకులోంచి గుండ్రటి బిళ్లలు కొట్టి, వాటిని చిన్న గిన్నెలుగా నొక్కుతారు. ఆ గిన్నెను ఒకదాని తర్వాత ఒకటిగా ఇరుకైన అచ్చుల్లో దూర్చి పొడవుగా సాగదీస్తారు. సాగదీసిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. అందుకే మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. తర్వాత అడుగు భాగాన్ని నొక్కి ప్రైమర్ గుంట, అంచు ఏర్పరుస్తారు. ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం పట్టుకోవడానికి వీలుగా అంచు పైన గాడి తరుగుతారు. చివర్లో మెడ భాగాన్ని మరోసారి వేడి చేస్తారు. సైనిక తూటా మెడ దగ్గర కనిపించే నీలి, ఊదా ఛాయ ఈ చివరి వేడి తాలూకు మచ్చ. వేడి చేశామని రుజువుగా దాన్ని అలాగే వదిలేస్తారు. మార్కెట్టు తూటాలకు చాలా కంపెనీలు ఆ మచ్చ పోయేలా మెరుగు పెడతాయి. అది చూసి కొందరు సైనిక తూటా కాలిపోయిందనో పాతబడిందనో అనుకుంటారు.

ఇన్ని దశల్లో ఏ అచ్చు అరిగినా, గిన్నె గోడ ఒక వెంట్రుకవాసి మందం మారినా బరువు మారుతుంది. ఒకే కర్మాగారంలో, ఒకే లాటులో, అంటే ఒకే విడతలో తయారైన సరుకులో ఈ తేడా ఒకటి రెండు శాతానికి మించదు. కర్మాగారం మారితే మాత్రం అది అరుగుదల వల్ల వచ్చిన తేడా కాదు, కావాలని పెట్టుకున్న తేడా. సైనిక తూటా మరతుపాకిలో పేలాలి. ఆ తుపాకి పేలిన తొడుగును ఇంకా వేడిగా, ఇంకా ఉబ్బి ఉండగానే నిర్దయగా లాగి పారేస్తుంది. గోడ పలచగా ఉంటే తెగి సగం చాంబర్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి సైనిక తొడుగులో ఇత్తడి ధారాళంగా పెడతారు. ఒక్కో తూటాను చేత్తో తోసి, చేత్తో గడియ వేసే వేట రైఫిల్‌కు అంత అవసరం లేదు. రాగి ధర ఎక్కువ. లక్షల తొడుగులు చేసే కంపెనీకి ఒక్కోదాంట్లో ఒక గ్రాము మిగిలినా లాభమే. 7.62 మి.మీ. నాటో, .308 వించెస్టర్ అనేవి బయటి కొలతల్లో దాదాపు కవల పిల్లలు. అయినా సైనిక తొడుగు 180 గ్రెయిన్ల ప్రాంతంలో తూగితే, మార్కెట్టులో దొరికే కొన్ని .308 తొడుగులు 155 నుంచి 170 దగ్గరే ఆగిపోతాయి.

పేచీ ఇక్కడ మొదలవుతుంది. బయటి కొలత మార్చే వీలు లేదు, చాంబర్ దాన్ని బిగించి ఉంచింది. మరి ఎక్కువైన ఇత్తడి ఎక్కడికి పోవాలి? లోపలికే. తొడుగు బరువు పెరిగిందంటే లోపలి చోటు తగ్గిందన్నమాట. లెక్క కడితే ఇది చిన్న విషయమేమీ కాదు. 20 గ్రెయిన్లు అంటే 1.3 గ్రాముల ఇత్తడి. ఇత్తడి సాంద్రత సుమారు 8.5 కాబట్టి అది 0.15 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. .308 తొడుగులో పట్టే మొత్తం చోటు మూడున్నర ఘన సెంటీమీటర్ల పైచిలుకు. అంటే నాలుగు శాతం దాకా చోటు పోయింది. అదే మందు, అదే గుండు, ఇరుకైన గదిలో: పీడనం పెరుగుతుంది. హద్దు దాటకుండా ఉండాలంటే మందు తగ్గించడం తప్ప దారి లేదు.

కాబట్టి బరువైన తూటాలోనే మందు తక్కువ ఉండవచ్చు. కాంటా మీద మొగ్గిన తూటాను చూసి నిండుగా ఉందని మురిసిపోయేవాడు ఇత్తడిని చూసి మురిసిపోతున్నాడు.

ఈ లెక్కనైనా గుడ్డిగా నమ్మడానికి లేదు. కొక్కెం కోసం తరిగిన గాడి ఒక కంపెనీ లోతుగా, ఇంకొకటి పైపైన తరుగుతుంది. అడుగు అంచును ఒకరు ఏటవాలుగా చెక్కుతారు, మరొకరు చెక్కరు. ఈ ఇత్తడి తొడుగుకు బయటి వైపున ఉన్నది కాబట్టి లోపలి చోటుతో దీనికి సంబంధం లేదు. ఖాళీ తొడుగులను తూచి ఇది ఇరుకు, అది విశాలం అని తీర్పు చెప్పడం ఉజ్జాయింపు మాత్రమే. కచ్చితంగా తెలియాలంటే తొడుగులో నీళ్లు నింపి, ఆ నీటిని తూచడమే పద్ధతి.

పోలీసు శిక్షణలో ఈ తేడా మరో రూపంలో ఎదురవుతుంది. ఫైరింగ్ ముగిశాక ఖాళీ తొడుగులన్నీ ఏరి, లెక్క పెట్టి, ఆయుధాగారానికి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతుకులాట మొదలవుతుంది. బ్యాంకులో చిల్లర నాణేలను తూచి లెక్క తేల్చినట్టు వీటినీ తూచేస్తే పోదా అని కొత్తగా చేరిన వాళ్లకు అనిపించవచ్చు. 180 గ్రెయిన్ల తొడుగులు వెయ్యి ఉంటే 11.66 కిలోలు. 165 గ్రెయిన్లవి వెయ్యి ఉంటే 10.69 కిలోలు. తేడా దాదాపు ఒక కిలో, అంటే ఎనభైకి పైగా తొడుగులు. రెండు కర్మాగారాల సరుకు కలిసిన గోనెసంచిని తూచి లెక్క తేల్చబోతే ఎనభై దాకా తొడుగులు మాయమైనట్టో, ఎక్కువైనట్టో కనిపిస్తుంది. నాణెం బరువును టంకశాల హామీ ఇస్తుంది. తొడుగు బరువుకు అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. ఒక్కొక్కటి చేత్తో లెక్క పెట్టడం పాతకాలపు చాదస్తంలా కనిపించినా అదే సరైన దారి.

ఇక మందు సంగతి. పొగలేని తుపాకీ మందు అంటే ఒకే పదార్థం కాదు. సన్నని పుల్లలుగా కత్తిరించింది ఒకటి, ఆవగింజల్లా గుండ్రంగా ఉండేది ఇంకొకటి, రేకుల్లా పలచగా ఉండేది మరొకటి. మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. కొన్నింటిలో నైట్రోగ్లిజరిన్ కూడా కలుస్తుంది, అప్పుడు అదే బరువులో ఎక్కువ శక్తి ఉంటుంది. గింజ ఆకారాన్ని బట్టి, పైపూతను బట్టి మండే వేగం మారుతుంది. ఒకే గుండును ఒకే వేగంతో పంపడానికి ఒక కంపెనీ తనకు నచ్చిన మందు 42 గ్రెయిన్లు పోస్తే ఇంకొకటి వేరే మందు 46 పోయవచ్చు. ఎక్కువ పోసిన వాడు ఉదారుడూ కాదు, తక్కువ పోసినవాడు పిసినారీ కాదు.

దీనికి త్రీనాట్‌త్రీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1910లో ఖరారైన మార్క్ 7 తూటాలో గుండు 174 గ్రెయిన్లు. దాన్ని తోయడానికి మొదట వాడింది కార్డైట్, అంటే సేమియా పోగుల్లాంటి మందు కట్ట, సుమారు 37 గ్రెయిన్లు. తర్వాత అదే తూటాను నైట్రోసెల్యులోజ్ మందుతో కూడా చేశారు. దాన్ని సుమారు 41 గ్రెయిన్లు పోయాల్సి వచ్చింది, ఎందుకంటే నైట్రోగ్లిజరిన్ కలిసిన కార్డైట్ శక్తి ఎక్కువ. ఒకే మార్కు, ఒకే గుండు, ఒకే వేగం, మందు బరువులో మాత్రం పదో వంతు తేడా.

ఆ తూటాల అడుగున కొట్టిన అక్షరాలు చదివితే ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. కె ఎఫ్ అంటే పుణె పక్కన కిర్కీ కర్మాగారం, 1869 నాటిది. ఆర్ ఎల్ అంటే ఇంగ్లండులో వూలిచ్. కెనడాలోనూ అవే తూటాలు తయారుచేశారు. 1946 నుంచి 1951 దాకా నల్లగొండలో సాగిన సాయుధ పోరాటంలో దళాల చేతిలో స్వాధీనం చేసుకున్న తుపాకులు కూడా ఉండేవి. తూటాలు ఎంచుకునే వైభోగం ఎవరికీ లేదు, దొరికిందే తూటా. వేర్వేరు ఖండాల్లో తయారైన త్రీనాట్‌త్రీ తూటాలు ఒకే పట్టీలో కలిసి ఉన్నా రైఫిల్ పేలిందంటే కారణం చాంబర్ కొలత, పీడనం హద్దు అందరికీ ఒకటే కావడం. వాటిని కాంటా మీద పెట్టి ఉంటే సరితూగేవి కావు.

మందును గ్రెయిన్ల లెక్కన ముందే నిర్ణయించి పోస్తారనుకోవడం కూడా పొరపాటు. ఒకే పేరున్న మందు కూడా లాటుకూ లాటుకూ కొంచెం చురుగ్గానో కొంచెం మందకొడిగానో వస్తుంది. కొత్త లాటు వచ్చినప్పుడల్లా కర్మాగారం కొన్ని తూటాలు పేల్చి, పీడనం, వేగం కొలిచి, ఈసారి ఎంత పోయాలో తేల్చుకుంటుంది. పోసే యంత్రాలు చాలావరకు తూచవు, కొలత గిన్నెతో కొలిచి పోస్తాయి. గుండ్రటి గింజలు నీళ్లలా జారి కొలతలో సమంగా పడతాయి. పొడవాటి పుల్లలు అడ్డదిడ్డంగా నిలబడి ఒక్కోసారి కొంచెం తక్కువగా, ఒక్కోసారి ఎక్కువగా పడతాయి. 1933లో అమెరికాలోని వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీ గుండ్రటి మందును తెచ్చాక సైన్యాలు దాన్ని ఇష్టపడటానికి ఇదొక కారణం.

గుండు బరువు మాత్రం పెట్టె మీదే రాసి ఉంటుంది కాబట్టి దాని గురించి దాపరికం లేదు. .30-06లో 150, 165, 180, 220 గ్రెయిన్ల గుండ్లు ఉన్నాయి. అవి ఒకదానికొకటి పోటీ కాదు, వేర్వేరు పనులకు వేర్వేరు గుండ్లు. త్రీనాట్‌త్రీలోనే మార్క్ 6 గుండు 215 గ్రెయిన్లు, మొద్దు ముక్కుతో ఉండేది. సూదిముక్కు మార్క్ 7 వచ్చాక బరువు 174కు దిగింది, వేగం సెకనుకు సుమారు 628 మీటర్ల నుంచి 744 మీటర్లకు ఎగబాకింది. దాంతో పాత రైఫిళ్ల మీద దూరాన్ని బట్టి గురి పెట్టే గీతలన్నీ పనికిరాకుండా పోయి, కొత్త గీతలు గీయాల్సి వచ్చింది. ఆ మార్క్ 7 గుండు ముక్కులో సీసం బదులు అల్యూమినియం ముక్కో నొక్కిన కాగితపు గుజ్జో పెట్టేవారు. ముందు తేలిక, వెనుక బరువు. పొడవు పెరిగినా తూకం తగ్గడానికి అదీ ఒక ఉపాయం.

బరువు ఒకటే అయినా గుండ్లు ఒకటి కావు. సీసం సాంద్రత 11.3, రాగిది 9 లోపు, ఉక్కుది 8 లోపు. సీసం గట్టిపడటానికి కలిపే యాంటిమొనీ ఇంకా తేలిక. ఒకే బరువు గుండును సీసంతో చేస్తే పొట్టిగా, పూర్తిగా రాగితో చేస్తే పొడవుగా వస్తుంది. పొడవైన గుండు తొడుగులోకి లోతుగా దిగి మళ్లీ మందు చోటునే తింటుంది. పోలీసుల ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56 మి.మీ. తరగతిలో రెండు ప్రసిద్ధ గుండ్లున్నాయి. అమెరికా మొదట తెచ్చిన ఎం193 గుండు 55 గ్రెయిన్లు. 1980లో నాటో ఎంచుకున్న ఎస్ఎస్109 గుండు 62 గ్రెయిన్లు, ముక్కు లోపల ఉక్కు ముక్క ఉంటుంది. బరువు తేడా ఏడు గ్రెయిన్లే, అర గ్రాము కూడా కాదు. కానీ ఉక్కు వల్ల గుండు పొడవైంది. పొడవైన గుండు తిన్నగా పోవాలంటే వేగంగా గిరగిరా తిరగాలి. గొట్టం లోపలి మెలిక గాళ్లు పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు ఉన్న పాత రైఫిల్‌లో ఎస్ఎస్109 గుండు తూలిపోతుంది. కొత్త రైఫిళ్లలో ఏడు అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు. చాంబర్‌లో చక్కగా పట్టిన తూటా గొట్టం దాటాక తడబడటానికి ఇది ఒక కారణం.

ప్రైమర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఐదు గ్రెయిన్ల వస్తువులో తేడా గ్రెయిన్‌లో కొంత వంతే. బాక్సర్, బెర్డన్ అని రెండు రకాలు. బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి, ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బెర్డన్ అమెరికన్, ఆయన పద్ధతి ఐరోపాలో నిలిచింది. చరిత్రకు ఇలాంటి సరదాలుంటాయి.

ఇప్పుడు మొదటి అనుమానానికి తిరిగి రావచ్చు. వేర్వేరు కంపెనీల తూటాల మధ్య తొడుగు తేడా ఒక్కటే 15 నుంచి 20 గ్రెయిన్లు. గుండు చెప్పిన బరువుకు అటూఇటూ ఒక గ్రెయిన్, సైనిక సరుకైతే రెండు. ఇలాంటి గుంపులో ఒక తూటాలో మందు మూడు గ్రెయిన్లు తగ్గిందనుకుందాం. రైఫిల్‌కు అది పెద్ద లోటే, గుండు గురి కిందికి జారుతుంది. కాంటా మీద మాత్రం ఆ మూడు గ్రెయిన్లు ఇత్తడి తేడాలో కలిసిపోతాయి. తేలికైన తూటాలో మందు సరిగానే ఉండి, బరువైన దాంట్లో తగ్గి ఉన్నా తెలియదు. అసలు మందే పడకపోతే నలభై యాభై గ్రెయిన్లు ఒక్కసారిగా తగ్గుతాయి కాబట్టి అది బయటపడుతుంది. అదే పిస్తోలు తూటా అయితే మందు మొత్తం ఐదారు గ్రెయిన్లే. పూర్తిగా ఖాళీగా ఉన్నా తూకంతో పట్టుకోవడం కష్టం. కర్మాగారాలు గుండు బిగించకముందే ప్రతి తొడుగులోనూ మందు మట్టాన్ని సన్నటి కడ్డీతో తడిమి చూసే యంత్రాలు పెట్టుకునేది ఇందుకే. మూత పడ్డాక తూచి తెలుసుకునేది తక్కువని వాళ్లకు తెలుసు.

తూకం అసలు దేనికీ పనికిరాదని దీనర్థం కాదు. ఒకే కంపెనీ, ఒకే లాటు అయినప్పుడు తూకం మాట్లాడటం మొదలుపెడుతుంది. అక్కడ తొడుగు తేడా ఒకటి రెండు శాతానికి కుదించుకుపోతుంది కాబట్టి, గుంపులో విడిగా నిలబడే తూటా కంటపడుతుంది. గురి పోటీల్లో దిగేవాళ్లు చేసేది ఇదే. .22 తూటా మొత్తం మూడున్నర గ్రాముల లోపే, అందులో గుండు 40 గ్రెయిన్లు. యాభై మీటర్ల పోటీకి సాధన చేసేవాళ్లలో కొందరు వాటిని తూచి, అంచు మందం కొలిచి వేరు చేసుకుంటారు. హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో మందే ఉండదు, అర గ్రాము సీసపు పెల్లెట్ తప్ప. అయినా ఆ స్థాయి షూటర్లు తమ రైఫిల్‌కు ఏ లాటు పెల్లెట్ నప్పుతుందో పరీక్షించి, నప్పిన లాటును ఒక్కసారే ఎక్కువగా కొని పెట్టుకుంటారు. వాళ్లు వెతికేది మంచి బరువును కాదు, మారని బరువును.

పల్లెలో లైసెన్సు రైఫిల్ ఉన్నవాడికి ఈ వెసులుబాటు లేదు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులో రాసి ఉంటుంది. దుకాణంలో ఆరోజు ఏది ఉంటే అదే. అందుకే కంపెనీ మారినప్పుడు, అదే కంపెనీలో గుండు బరువు మారినప్పుడు పాత గురిని నమ్మడం సరికాదు. అనుమతి ఉన్న రేంజిలో నాలుగైదు తూటాలు కాల్చి గురి సరిచూసుకోవడం దుబారాగా అనిపిస్తుంది. కానీ ఆ తర్వాత మిగిలిన తూటాలన్నీ ఆధారపడేది ఆ నాలుగైదింటి మీదే.

వేడి సంగతి కూడా ఇక్కడివాళ్లకు ముఖ్యమే. నల్లగొండలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. ఆ ఎండలో నిలబెట్టిన జీపులో పెట్టె ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కిన మందు చురుగ్గా మండుతుంది, పీడనం, వేగం రెండూ పెరుగుతాయి. కొన్ని మందులు వేడికి ఎక్కువ స్పందిస్తాయి, కొన్ని తక్కువ. డిసెంబరు ఉదయం గురి సరిచూసుకున్న తూటాయే మే మధ్యాహ్నం కొంచెం పైకి తగలవచ్చు. తూకంలో రవ్వంత మార్పు ఉండదు. కాంటాకు కనబడని తేడాల్లో ఇదొకటి.

ఒకే పెట్టెలోని తూటాల్లో ఏదైనా ఒకటి మిగతా వాటికంటే పది గ్రెయిన్లకు మించి, అంటే 0.65 గ్రాముకు మించి తేడా చూపితే దాన్ని పక్కన పెట్టి, అమ్మిన దుకాణానికో ఆయుధాగారంలో ఆయుధాలు చూసుకునే ఆర్మరర్‌కో అప్పగించాలి. గుండు ఊడదీసి లోపల ఎంతుందో చూడబోవడం ప్రమాదం. తూటా తయారీకి ఆయుధ చట్టం కింద వేరే లైసెన్సు కావాలి కాబట్టి, తిరిగి మందు నింపి బిగించే ఆలోచన నేరం కూడా. పెట్టె మీద లాటు నంబరు ఉంటుంది. ఎన్ని తూటాలు కొన్నారో దుకాణదారు లైసెన్సులో రాస్తాడు గాని, లాటు నంబరును కొన్నవాళ్లే రాసి పెట్టుకోవాలి. తేడా వచ్చిందని చెప్పినప్పుడు కర్మాగారం మొదట అడిగేది ఆ నంబరునే.